ఖరగ్‌పూర్: చారన్నం తినే కుక్క, పాలన్నం తినే పిల్లి... వాటి ఒంట్లో ఏం జరుగుతుంది?

పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్‌కు దగ్గర్లో ఉన్న కలైకుండలో 2024 ఏప్రిల్ 30న ఉష్ణోగ్రత 47.2 డిగ్రీల సెల్సియస్‌కు చేరింది. ఆ రోజుల్లో సాధారణంగా ఉండే ఎండ కంటే ఇది 10 డిగ్రీలకు పైగా ఎక్కువ.

అలాంటి ఎండలో మనుషులు మజ్జిగ తాగుతారు, ఫ్యాను కింద కూర్చుంటారు, చెమట పట్టి ఒళ్లు చల్లబడుతుంది. కుక్కకు, పిల్లికి ఆ వెసులుబాటు లేదు. వాటికి చెమట పట్టేది ప్రధానంగా పాదాల అడుగున మాత్రమే. నాలుక బయటపెట్టి రొప్పడమే కుక్కకు ఉన్న కూలర్. ఆ కూలర్ నడవాలంటే నీళ్లు కావాలి. ఒంట్లో నీళ్లు తగ్గితే మొదట దెబ్బతినే వాటిలో పేగులు, మూత్రపిండాలు ఉంటాయి.

ఖరగ్‌పూర్ రైల్వేతో పుట్టిన ఊరు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలంలో ఇక్కడ వర్క్‌షాపు వెలిసింది. ఆ పనుల కోసం ఉత్తరాంధ్ర నుంచి వచ్చిన కుటుంబాలు తరతరాలుగా ఇక్కడే స్థిరపడ్డాయి. తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వాలని పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం 2020 డిసెంబరులో నిర్ణయించడానికి ప్రధాన కారణం ఖరగ్‌పూర్, ఆ చుట్టుపక్కల ఉన్న తెలుగువాళ్లే.

ఇలాంటి ఊరిలో కుక్క, పిల్లి తినేది రెండు వంటిళ్ల తిండి. తెలుగు ఇంట్లో అయితే చారన్నం, పెరుగన్నం, పాలన్నం. బెంగాలీ ఇంట్లో అయితే చేపముక్క కలిపిన అన్నం. స్టేషన్‌లో, టీ కొట్టు దగ్గర అయితే బిస్కెట్లు. పెట్టేవాళ్లకు ప్రేమ తక్కువేమీ లేదు. కానీ ఈ తిండి కుక్క ఒంట్లో ఒకలా, పిల్లి ఒంట్లో మరోలా పనిచేస్తుంది. ఆ తేడా తెలియకపోతే ప్రేమగా పెట్టిన ముద్దే జబ్బుకు దారితీయొచ్చు.

కుక్క తోడేలు కాదు, పిల్లి చిన్న కుక్క కాదు

కుక్క తోడేలు వంశానిదే. అయినా వేల ఏళ్లుగా మనిషి పంచన బతికి, మనిషి తిండికి అలవాటు పడింది. ఆ అలవాటు జన్యువుల్లోనూ కనిపిస్తుంది.

పిండి పదార్థాన్ని అరిగించే అమైలేజ్ అనే ఎంజైమును తయారుచేసే జన్యువు తోడేళ్లలో సాధారణంగా రెండు ప్రతులే ఉంటుంది. కుక్కల్లో 4 నుంచి 30 వరకు ప్రతులు ఉన్నట్టు 2013లో ‘నేచర్’ పత్రికలో వచ్చిన పరిశోధన తేల్చింది. అంటే, ఉడికిన అన్నం కుక్కకు అరుగుతుంది. అన్నం పెట్టడం తప్పేమీ కాదు. అన్నం ఒక్కటే పెట్టడంతోనే చిక్కు.

పిల్లి కథ వేరు. ఇళ్లలోని పిల్లుల పూర్వీకులు పశ్చిమాసియా, ఉత్తర ఆఫ్రికా ఎడారి ప్రాంతాల అడవి పిల్లులు. మాంసం తినకుండా బతకలేని శరీరం వాటిది. కుక్క తన ఒంట్లోనే తయారుచేసుకోగల కొన్ని పోషకాలను పిల్లి తయారుచేసుకోలేదు. వాటిని మాంసాహారం నుంచే తీసుకోవాలి.

ఉదాహరణకు, క్యారెట్‌లో ఉండే బీటా కెరోటిన్‌ను మనిషి, కుక్క విటమిన్ ఏగా మార్చుకోగలరు. పిల్లి మార్చుకోలేదు. తీపిని గుర్తించే రెండు జన్యువుల్లో ఒకటి పిల్లుల్లో పనిచేయదని 2005లో శాస్త్రవేత్తలు గుర్తించారు. రసగుల్లా రుచి పిల్లికి తెలియదు. అది పాయసం గిన్నె నాకుతోందంటే అందులోని పాల కొవ్వు కోసమే కానీ, చక్కెర కోసం కాదు.

అన్నం, బిస్కెట్లు: కడుపు నిండుతుంది, మరి పోషకాలు?

అమెరికాలో పెంపుడు జంతువుల ఆహారానికి ప్రమాణాలు సూచించే సంస్థ ఆఫ్కో. తేమ తీసేసి లెక్కేస్తే, పెద్ద కుక్క తిండిలో కనీసం 18 శాతం, కుక్కపిల్ల తిండిలో 22.5 శాతం ప్రొటీన్ ఉండాలని అది చెబుతోంది. పెద్ద పిల్లికి 26 శాతం, పిల్లికూనకు 30 శాతం.

బియ్యంలో ప్రొటీన్ సుమారు 7 శాతం. గ్లూకోజ్ బిస్కెట్లలోనూ దాదాపు అంతే. మిగిలిందంతా ఎక్కువగా మైదా, చక్కెర, నూనె. రోజంతా బిస్కెట్లే తినే కుక్క ఆకలితో చనిపోదు. కొంచెం లావుగా కూడా కనిపించొచ్చు. కానీ కండ తగ్గుతుంది, బొచ్చు రాలుతుంది, పుండ్లు త్వరగా మానవు. పాలిచ్చే తల్లికుక్కకు, ఎదిగే పిల్లలకు ఇది మరీ ఇబ్బంది.

వీధికుక్కలు ఏం కోరుకుంటాయో బెంగాల్‌లోనే పరీక్షించి చూశారు. భారతీయ విజ్ఞాన విద్య, పరిశోధన సంస్థ ఐసర్ కోల్‌కతాకు చెందిన అనిందితా భద్ర బృందం వీధికుక్కలపై చాలాకాలంగా పరిశోధన చేస్తోంది. కోడిమాంసం రసంలో వేర్వేరు మోతాదుల్లో నానబెట్టిన రొట్టె ముక్కలను కుక్కల ముందు పెడితే, మాంసం వాసన ఎక్కువగా ఉన్న ముక్కనే అవి ముందు ఎంచుకున్నాయి. చెత్తకుప్పలో బతుకుతున్నా, ముక్కు మాత్రం ప్రొటీన్ వైపే లాగుతుంది.

తెలుగు వంటింట్లో దీనికి తేలికైన దారులు ఉన్నాయి. ఉడికించిన గుడ్డు, ఎముకలు తీసేసిన ఉడికిన చికెన్, ఉప్పు, కారం, పులుపు వేయకముందే తీసిపెట్టిన కందిపప్పు కుక్క అన్నంలో కలపొచ్చు. వండని కందిపప్పులో ప్రొటీన్ 20 శాతానికి పైనే ఉంటుంది.

అలాగని మాంసం ఒక్కటే పెట్టడమూ సరికాదు. మాంసంలో ఫాస్ఫరస్ ఎక్కువ, కాల్షియం చాలా తక్కువ. ఎముకలేని మాంసం మాత్రమే తిని పెరిగే కుక్కపిల్లలు, పిల్లికూనలు రక్తంలోకి కావాల్సిన కాల్షియాన్ని తమ ఎముకల నుంచే లాక్కుంటాయి. కాళ్లు వంకరపోతాయి, చిన్న దెబ్బకే ఎముక విరుగుతుంది. ఇంటి వంటే పెట్టాలనుకునేవాళ్లు కాల్షియం మోతాదును పశువైద్యుడితో రాయించుకోవడం మంచిది.

వండిన కోడి ఎముకలు వేయడం కూడా ప్రమాదమే. ఉడికిన ఎముక పెళుసుబారి సూదుల్లా చీలుతుంది. గొంతులోనో, పేగులోనో గుచ్చుకుంటుంది.

పాలన్నం పిల్లికి చూపు ఎందుకు పోతుంది?

మాంసం వండని ఇళ్లలో పిల్లికి పాలన్నం, పెరుగన్నమే భోజనం. పిల్లి అంటే పాలు అన్న నానుడి మనకు పాతది. కానీ పెద్దయిన పిల్లుల్లో చాలావాటికి పాలలోని లాక్టోజ్‌ను అరిగించే ఎంజైము తగ్గిపోతుంది. అరగని లాక్టోజ్ పెద్దపేగులోకి చేరి నీటిని లాగుతుంది. బ్యాక్టీరియా దాన్ని పులియబెట్టి గ్యాసు పుట్టిస్తుంది. ఫలితం విరేచనాలు. దాహం తీర్చడానికి పెట్టిన పాలే ఒంట్లో ఉన్న నీటిని బయటకు పంపేస్తాయి.

అంతకంటే పెద్ద చిక్కు టారిన్. ఇది కంటి వెనుక ఉండే రెటీనాకు, గుండె కండరానికి అవసరమైన పోషకం. కుక్క సాధారణంగా దీన్ని ఒంట్లోనే తయారుచేసుకుంటుంది. పిల్లి తనకు సరిపడా తయారుచేసుకోలేదు. మొక్కల నుంచి వచ్చే తిండిలో టారిన్ దాదాపు ఉండదు. పాలలో ఉండేది పిల్లి అవసరానికి చాలదు.

టారిన్ అందకపోతే పిల్లుల రెటీనా క్షీణిస్తుందని 1975లో పరిశోధకులు చూపించారు. దాని లోపంతో పిల్లుల గుండె ఉబ్బి బలహీనపడుతుందని, టారిన్ ఇస్తే చాలా పిల్లుల్లో గుండె కోలుకుంటుందని 1987లో ‘సైన్స్’ పత్రికలో వచ్చిన అధ్యయనం తేల్చింది. ఆ తర్వాతే కంపెనీలు పిల్లుల ఆహారంలో టారిన్ పెంచాయి. గుండె కోలుకోవచ్చు కానీ, పోయిన చూపు తిరిగి రాదు.

మరి ఎన్నో ఏళ్లుగా పాలన్నం తిని బతికిన పిల్లుల సంగతేంటి? అవి పాలన్నంతో మాత్రమే బతకలేదు. పెరటి ఎలుకలు, బల్లులు, పిట్టలు వాటి అసలు భోజనం. పాత రైల్వే క్వార్టర్లలో పెరడు, చెట్టు, కాలువ గట్టు ఉంటాయి. పిల్లి తన లోటు తానే పూడ్చుకుంటుంది. అదే పిల్లిని మూడో అంతస్తు ఫ్లాట్‌లో తలుపులు మూసి పెంచితే దానికి ఎలుక దొరకదు. గిన్నెలో మనం ఏం పెడితే అదే దాని బతుకు. తాతల నాటి తిండి ఈనాటి ఫ్లాట్ పిల్లికి సరిపోకపోవడానికి కారణం ఇదే.

ఇంట్లో మాంసం వండని కుటుంబాలకు ప్యాకెట్లలో దొరికే సంపూర్ణ పిల్లి ఆహారం ఒక మార్గం. కొనేముందు అది పిల్లుల కోసం తయారైందో లేదో చూసుకోవాలి. కుక్కల ఆహారం చవగ్గా దొరుకుతుందని పిల్లికి అదే పెడితే ప్రొటీన్, టారిన్, విటమిన్ ఏ చాలవు.

చేప ముక్క పెడితే సరిపోతుందా?

బెంగాల్‌లో పిల్లికి చేపకు కొదవ ఉండదు. చేపలో టారిన్ ఉంటుంది, ప్రొటీన్ ఉంటుంది. పాలన్నంతో పోలిస్తే చేపన్నం ఎంతో మేలు. అయినా మూడు జాగ్రత్తలు అవసరం.

మొదటిది, పచ్చి చేప వద్దు. కార్ప్ కుటుంబానికి చెందిన కొన్ని మంచినీటి చేపల్లో థయామినేజ్ అనే ఎంజైము ఉంటుంది. ఇది థయామిన్‌ను, అంటే విటమిన్ బీ1ను నాశనం చేస్తుంది. ఎక్కువ రోజులు పచ్చి చేపలే తిన్న పిల్లి తూలుతూ నడుస్తుంది, మెడ కిందికి వంచేస్తుంది, మూర్ఛలు వస్తాయి. ఉడికిస్తే ఆ ఎంజైము చచ్చిపోతుంది.

రెండోది, ఉడికించిన నీళ్లు పారబోయవద్దు. టారిన్ నీటిలో కరుగుతుంది. చేపను గానీ, చికెన్‌ను గానీ ఉడికించి నీళ్లు వంపేస్తే అందులో కొంత టారిన్ కూడా పోతుంది. ఉప్పు వేయని ఆ నీటినే అన్నంలో కలిపితే పోషకమూ మిగులుతుంది, పిల్లి ఒంట్లోకి నీళ్లూ చేరతాయి.

మూడోది, ఎండు చేప. మనుషుల కోసం ఉప్పు పట్టించి ఎండబెట్టిన చేపలో ఉప్పు చాలా ఎక్కువ. అసలే తక్కువ నీళ్లు తాగే పిల్లికి అది భారం.

చింతపండు, ఉల్లి: తెలుగు వంటింట్లో తెలియని ముప్పు

ద్రాక్ష, కిస్‌మిస్ తిన్న కొన్ని కుక్కల మూత్రపిండాలు హఠాత్తుగా పాడవుతాయని పశువైద్యులకు చాలా ఏళ్లుగా తెలుసు. కారణం మాత్రం తెలియలేదు. ఇటీవలి సంవత్సరాల్లో అమెరికాలోని జంతు విష నియంత్రణ కేంద్రం నిపుణులకు ఒక ఆధారం దొరికింది. పిండివంటల్లో వాడే క్రీమ్ ఆఫ్ టార్టార్ తిన్న కుక్కల్లోనూ, చింతపండు తిన్న కుక్కల్లోనూ మూత్రపిండాలు అదే తీరులో దెబ్బతిన్నాయి. 2022లో ఆ కేసులను వాళ్లు ప్రచురించారు.

ఈ మూడింటిలోనూ ఉన్నది టార్టారిక్ ఆమ్లం. చింతపండు పులుపుకు మూలం అదే. ద్రాక్షలో కంటే చింతపండులో అది ఎన్నో రెట్లు ఎక్కువ. అన్ని కుక్కల్లోనూ ఒకేలా జరగదు. ఎంత తింటే ముప్పు అనే కచ్చితమైన గీత కూడా ఇంకా గీయలేదు. అందుకే పులిహోర, చారు, చేపల పులుసు, పచ్చడి కలిపిన అన్నం కుక్కకు పెట్టకపోవడమే క్షేమం. చింతపండు ముద్దో, పులిహోర పేస్టో కుక్క ఎక్కువగా తినేస్తే, వాంతుల కోసం ఎదురుచూడకుండా వెంటనే వైద్యుడి దగ్గరకు తీసుకెళ్లాలి.

ఉల్లిపాయ, వెల్లుల్లి సంగతి ఇంకా స్పష్టం. వాటిలోని గంధక సమ్మేళనాలు ఎర్ర రక్తకణాలను చిదిమేస్తాయి. కిలో బరువుకు 15 నుంచి 30 గ్రాముల ఉల్లిపాయ కుక్క రక్తంలో చెప్పుకోదగ్గ మార్పు తెస్తుంది. పిల్లికి కిలోకు 5 గ్రాములే చాలు. అంటే నాలుగు కిలోల పిల్లికి 20 గ్రాములు, ఒక చిన్న ఉల్లిపాయలో సగం. వండినా, ఎండబెట్టినా, పొడి చేసినా ఆ విషం పోదు. మిగిలిపోయిన బిర్యానీ గ్రేవీని పిల్లికి పెట్టకూడదన్నది ఇందుకే.

చాక్లెట్, జైలిటాల్ కలిపిన చక్కెర లేని చూయింగ్ గమ్‌లు కుక్కలకు విషం. జ్వరం అనిపించిందని పారాసిటమాల్ మాత్ర వేస్తే పిల్లికి ప్రాణాంతకం. దాన్ని నిర్వీర్యం చేసే ఏర్పాటు పిల్లి కాలేయంలో చాలా బలహీనం. ఒక్క మాత్ర కూడా పిల్లిని చంపగలదు.

పిల్లికి దాహం తెలియదా?

కుక్కకు రోజుకు కిలో బరువుకు 50 నుంచి 60 మిల్లీలీటర్ల నీళ్లు కావాలన్నది ఒక సాధారణ లెక్క. పది కిలోల వీధికుక్కకు అర లీటరుకు పైనే. ఎండలో, పాలిచ్చేటప్పుడు ఇంకా ఎక్కువ. దాహం వేస్తే కుక్క ఎక్కడ నీళ్లు కనిపించినా తాగేస్తుంది. మురుగు కాలువ నీళ్లు కూడా. వానాకాలంలో నిలిచిన నీటిలో ఎలుకల మూత్రం కలిస్తే లెప్టోస్పైరోసిస్ వస్తుంది. ఈ జబ్బు మనుషులకూ సోకుతుంది. వీధిలో శుభ్రమైన నీళ్ల గిన్నె పెట్టడం అందుకే కుక్కకు మాత్రమే చేసే ఉపకారం కాదు.

పిల్లి అలా కాదు. ఎడారి పూర్వీకుల నుంచి వచ్చిన దాని మూత్రపిండాలు మూత్రాన్ని చాలా చిక్కగా చేసి నీటిని పొదుపు చేస్తాయి. అడవిలో దానికి నీరు ఎక్కువగా వేట నుంచే వస్తుంది. ఎలుక ఒంట్లో మూడింట రెండొంతులకు పైగా నీరే. అందుకే ఒంట్లో నీళ్లు తగ్గినా పిల్లి గిన్నె వైపు అంత త్వరగా నడవదు.

పొడి గుళికల ఆహారంలో నీరు 10 శాతం వరకే ఉంటుంది. తడి ఆహారంలో 75 శాతానికి పైన. పొడి తిండే తినే పిల్లి ఎక్కువ నీళ్లు తాగుతుంది కానీ, ఆ లోటు పూర్తిగా పూడేంత తాగదు. మూత్రం చిక్కబడుతుంది. అందులో స్ఫటికాలు, రాళ్లు ఏర్పడే అవకాశం పెరుగుతుంది.

మగపిల్లుల మూత్రనాళం చాలా సన్నం. అది మూసుకుపోతే పిల్లి మాటిమాటికీ ముక్కుతుంది, అరుస్తుంది, చుక్క కూడా రాదు. చాలామంది దీన్ని మలబద్ధకం అనుకుని ఒకరోజు చూద్దాం అంటారు. ఆ ఒకరోజే ప్రమాదం. రక్తంలో పొటాషియం పెరిగి గుండె ఆగిపోతుంది. చికిత్స అందకపోతే రెండు మూడు రోజుల్లో ప్రాణం పోవచ్చు. మూత్రం రాని మగపిల్లిని గంటల్లో ఆసుపత్రికి చేర్చాలి.

పిల్లి చేత నీళ్లు తాగించడానికి కొన్ని తేలిక పద్ధతులున్నాయి. తిండి గిన్నెకు దూరంగా, ఇంట్లో రెండు మూడు చోట్ల వెడల్పాటి గిన్నెల్లో నీళ్లు పెట్టాలి. రోజుకు రెండుసార్లు మార్చాలి. పొడి గుళికల్లో కొంచెం గోరువెచ్చని నీళ్లు కలపాలి. అన్నింటికంటే పనిచేసేది తిండినే తడిగా చేయడం.

వడదెబ్బ పేగులను ఎలా దెబ్బతీస్తుంది?

కుక్క సాధారణ శరీర ఉష్ణోగ్రత 38 నుంచి 39 డిగ్రీలకు కొంచెం పైన ఉంటుంది. 41 డిగ్రీలు దాటితే అవయవాలు దెబ్బతినడం మొదలవుతుంది. రొప్పడం ద్వారా చల్లబడాలంటే నాలుక మీది తడి ఆవిరి కావాలి. గాలిలో తేమ ఎక్కువగా ఉంటే అది ఆవిరి కాదు. అందుకే మే నెలలో ఉరుముల వాన పడి ఉక్కపోత పట్టిన రోజు, కొంచెం తక్కువ వేడి ఉన్నా కుక్కకు సుఖం ఉండదు. ముక్కు చప్పిడిగా ఉండే పగ్ లాంటి జాతులకు మరీ కష్టం.

ఒళ్లు వేడెక్కినప్పుడు రక్తం చర్మం వైపు మళ్లుతుంది. పేగులకు రక్తం తగ్గుతుంది. పేగు లోపలి పొర బలహీనపడి, లోపలే ఉండాల్సిన బ్యాక్టీరియా, వాటి విషాలు రక్తంలోకి జారతాయి. వడదెబ్బ తగిలిన కుక్కకు నెత్తుటి విరేచనాలు రావడానికి కారణం ఇదే. ఎండ, నీళ్లు, పేగులు మూడు వేర్వేరు విషయాలు కావు.

వడదెబ్బ అనుమానం వస్తే ముందు చల్లబరచాలి, తర్వాత తరలించాలి. నీడలోకి తెచ్చి, మామూలు కుళాయి నీటితో ఒళ్లంతా తడిపి, ఫ్యాను గాలి తగిలేలా చూడాలి. ఐసు కోసం వెతుకుతూ కూర్చోనక్కర్లేదు. స్పృహ సరిగా లేని జంతువు నోట్లో నీళ్లు పోయకూడదు. ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

విరేచనాలు పట్టుకుంటే మందుల కొట్టుకు పరుగెత్తాలా?

కుక్క, పిల్లి పేగుల్లో కోటానుకోట్ల బ్యాక్టీరియా ఉంటుంది. తిన్న పీచును పులియబెట్టి పేగు గోడకు బలాన్నిచ్చే ఆమ్లాలను తయారుచేస్తుంది. కొన్ని రకాలు కాలేయం నుంచి వచ్చే పైత్యరసాన్ని మార్చి, హాని చేసే బ్యాక్టీరియా పెరగకుండా అడ్డుకుంటాయి. తిండి హఠాత్తుగా మారితే ఈ సమతూకం చెదురుతుంది. అందుకే కొత్త ఆహారాన్ని ఒక్కరోజులో కాకుండా, వారం రోజుల్లో కొద్దికొద్దిగా పెంచుతూ మార్చాలి.

కుక్కకు రెండుసార్లు విరేచనం కాగానే మనుషుల మందుల కొట్టు నుంచి మెట్రోనిడజోల్ తెచ్చి వేయడం చాలా ఊళ్లలో కనిపించే అలవాటు. కానీ కుక్కల్లో హఠాత్తుగా వచ్చే సాధారణ స్థాయి విరేచనాలకు యాంటీబయోటిక్స్ వద్దని 2024లో యూరప్ పశువైద్య నిపుణుల బృందం ఎనోవాట్ మార్గదర్శకాలు చెప్పాయి. ఎక్కువ కేసులు వాటంతట అవే తగ్గుతాయి. మెట్రోనిడజోల్ పైత్యరసాన్ని మార్చే మంచి బ్యాక్టీరియాను కూడా చంపేస్తుంది. అది తిరిగి పెరగడానికి వారాలు పడుతుంది. పైగా మందులకు లొంగని బ్యాక్టీరియా ఇంట్లో మనుషులకూ చేరొచ్చు.

హుషారుగా ఉన్న పెద్ద కుక్కకు ఉడికించిన చికెన్, మెత్తటి అన్నం కొద్దికొద్దిగా పెడుతూ, నీళ్లు అందుబాటులో ఉంచితే చాలాసార్లు సరిపోతుంది. పెరుగు కొన్ని కుక్కలకు పడుతుంది. కానీ పరిశోధనల్లో పరీక్షించిన ప్రోబయోటిక్ రకాలు వేరు, ఇంట్లో తోడుపెట్టిన పెరుగు వేరు. దాన్ని మందు అనుకోకూడదు.

పిల్లిని మాత్రం పస్తు పెట్టకూడదు. రెండు మూడు రోజులు ఏమీ తినకపోతే, ముఖ్యంగా లావుగా ఉన్న పిల్లికి, ఒంట్లోని కొవ్వు కాలేయంలో పేరుకుని ప్రాణం మీదికి వస్తుంది.

టీకాలు వేయని కుక్కపిల్లకు వాంతులు, నెత్తుటి విరేచనాలు కలిసి వస్తే అది పార్వో వైరస్ కావొచ్చు. ఇంటి వైద్యానికి అక్కడ చోటు లేదు. ఆ పిల్లను చంపేది ఎక్కువగా నీటి నష్టం, పేగు పొర దెబ్బతినడం. సెలైన్ ఎంత త్వరగా ఎక్కితే బతికే అవకాశం అంత ఎక్కువ.

నులిపురుగులు కూడా ఇంటి ఆరోగ్యానికి సంబంధించినవే. కుక్క మలంలోని కొంకిపురుగుల పిల్లలు చెప్పుల్లేకుండా మట్టిలో ఆడే పిల్లల చర్మంలోకి దూరతాయి. కుక్కకు సమయానికి నులిపురుగుల మందు వేస్తే వీధిలోని పిల్లలకూ రక్షణ.

స్టేషన్ కుక్కలకు ఎవరు పెట్టాలి?

ఖరగ్‌పూర్ స్టేషన్ ప్లాట్‌ఫాం పొడవు 1,072.5 మీటర్లు. 2013లో గోరఖ్‌పూర్ దాటేవరకు ప్రపంచంలోనే అతి పొడవైన ప్లాట్‌ఫాంగా దీనికి పేరుండేది. దేశంలోని ఏ పెద్ద స్టేషన్‌లోనైనా ప్రయాణికులు వదిలేసిన పూరీలు, బిస్కెట్లు, బిర్యానీ పొట్లాలే కుక్కలను పోషిస్తాయి.

ఆ ఏర్పాటు మారుతోంది. వీధికుక్కలకు తిండి పెట్టేందుకు ప్రత్యేక స్థలాలు గుర్తించాలని సుప్రీంకోర్టు 2025 ఆగస్టు 22న ఆదేశించింది. పాఠశాలలు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల నుంచి కుక్కలను తరలించి, కుటుంబ నియంత్రణ ఆపరేషన్, టీకాల తర్వాత షెల్టర్లలో ఉంచాలని, పట్టిన చోట తిరిగి వదలకూడదని 2025 నవంబర్ 7న చెప్పింది.

కుక్కకాటు భయం నిజమైనదే. కానీ కుక్కను షెల్టర్‌కు చేర్చడంతో పని పూర్తికాదు. కొత్త చోటు, కిక్కిరిసిన గదులు, ఒక్కరోజులో మారిన తిండి, వీటిలో ఏ ఒక్కటైనా విరేచనాలకు చాలు. మూడూ కలిస్తే పార్వో లాంటి జబ్బు ఒక కుక్క నుంచి వందకు పాకుతుంది. షెల్టర్‌కు ఎంత స్థలం అన్న ప్రశ్నతో పాటు, రోజుకు ఎంత ప్రొటీన్, ఎన్ని నీళ్ల తొట్లు, కొత్తగా వచ్చినవాటిని ఎన్నాళ్లు విడిగా ఉంచుతారన్న ప్రశ్నలకూ జవాబు కావాలి.

వీధికుక్క పిల్లల బతుకు ఎంత బలహీనమో ఐసర్ కోల్‌కతా బృందం 2016లో ప్రచురించిన అధ్యయనం చెబుతుంది. పశ్చిమ బెంగాల్‌లో 95 ఈతల్లో పుట్టిన 364 పిల్లలను గమనిస్తే, పిల్లలు పెట్టే వయసు వరకు బతికినవి 19 శాతమే. మరణాల్లో 63 శాతానికి ఏదో ఒక రూపంలో మనుషులే కారణం.

2023 నాటి జంతు జనన నియంత్రణ నిబంధనల ప్రకారం, తిండి పెట్టే చోటు పిల్లలు ఆడుకునే స్థలాలకు, మెట్లకు, భవనాల ప్రవేశ ద్వారాలకు దూరంగా ఉండాలి. ఒకే చోట, ఒకే వేళకు, మిగలకుండా పెడితే కుక్కల మధ్య కొట్లాట తగ్గుతుంది, ఎలుకలు చేరవు. ఆపరేషన్‌కు, టీకాకు పట్టుకోవడమూ తేలికవుతుంది.

రోజుకు రెండు నిమిషాల పరీక్ష

జబ్బును ముందే పట్టుకోవడానికి పెద్ద పరికరాలు అక్కర్లేదు. మెడ దగ్గర చర్మాన్ని మెల్లగా పైకి లాగి వదలాలి. వెంటనే సర్దుకోకపోతే ఒంట్లో నీళ్లు తగ్గినట్టు. చిగుళ్లు తడిగా, గులాబీ రంగులో ఉండాలి. జిగురుగా, పాలిపోయి ఉంటే అనుమానించాలి. పక్కటెముకలు చేతికి తగలాలి కానీ, దూరం నుంచి లెక్కపెట్టేలా కనిపించకూడదు. మలం ఎలా ఉంది, మూత్రం ఎన్నిసార్లు పోసింది అన్నది గుర్తుంచుకుంటే, వైద్యుడు అడిగే మొదటి ప్రశ్నలకు జవాబు సిద్ధంగా ఉన్నట్టే.

తిండి విషయంలో ఖర్చు పెంచక్కర్లేదు. పోపు వేయకముందు, చింతపండు పిండకముందు, ఉల్లిపాయ తరగకముందు ఒక గిన్నె పక్కకు తీసిపెడితే చాలు. కుక్కకైతే అందులో ఒక గుడ్డు. పిల్లికైతే ఉడికించిన చేప, దాని నీళ్లతో సహా. పక్కనే ఒక వెడల్పాటి నీళ్ల గిన్నె, ఎండ తగలని చోట.